కుట్లు వేసిన టర్కీ కోడి

మొన్న ఆదివారం పెసరపప్పు, రెండు కట్టల కొత్తిమీర కొందామని అల్ ఐన్‌లో మా సందు చివరనున్న పెద్ద దుకాణానికి వెళ్లి, చలిపెట్టెల వరుస దగ్గర మలుపు తిరగగానే ఉన్నచోటే ఆగిపోయాను. డిసెంబరు కదా, ఆ చివర నుంచి ఈ చివరదాకా టర్కీ కోళ్లు తెల్లటి ప్లాస్టిక్కు చుట్టుకుని, ఒక్కొక్కటీ ఆరునెలల పిల్లాడంత బరువుతో బారులు తీరి పడుకుని ఉన్నాయి. చూసీ చూడగానే పెసరపప్పు సంగతే మరిచిపోయి బయటికొచ్చి మెట్టుమీద కూర్చున్నాను. యాభై ఏడేళ్ల మనిషి, ఒకప్పుడు పదో అంతస్తులో పరంజా మీద నిలబడి ఇటుకలు అందించినవాడు, చచ్చిన కోడిని చూసి హడలిపోవడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, నాకేం కోపం లేదు. కాకపోతే మీలో నా వయసువాళ్లు కాస్త ఓపికపట్టి వినండి. ఇలాంటి పిచ్చి భయం ఒకటైనా దాచుకోకుండా ఈ వయసుకి చేరినవాడు ఉంటాడని నేను అనుకోను.

నాది జగిత్యాల పక్కన పల్లె. దుబాయ్ వచ్చి (మేం ఈ దేశంలో ఏ మూలనున్నా దుబాయ్ అనే అంటాం) మొదట్లో కట్టడాల దగ్గర మోత పని చేశాను. నడుము పట్టేసి ఇక మొయ్యలేనని తేలాక, అదృష్టం బాగుండి ఉమ్ అల్ క్వైన్‌లో మా కంపెనీ క్యాంపు మెస్సులోనే వంటకి పెట్టారు. అక్కడ పద్దెనిమిదేళ్లు వండాను. రోజూ అరవై డెబ్బై ఐసు కోళ్లు అట్టపెట్టెల్లో తోలుతో సహా దిగేవి. మావాళ్ల సంగతి మీకు తెలిసిందే, ఊళ్లో నాటుకోడిని మంటమీద కాల్చి పసుపు రాసి తోలుతోనే కమ్మగా తింటారు గానీ, ఇక్కడి ఐసు కోడి తోలు కూరలో కనిపించిందా, పళ్లెం నా మొహాన కొట్టినంత పని చేసేవారు. అందుకని కోడి చేతికి రాగానే రొమ్ము మధ్యన ఒక గాటు పెట్టి, చొక్కా విప్పినట్టు తోలు మొత్తం ఒక్క గుంజున లాగెయ్యడం, పసుపూ ఉప్పూ నిమ్మరసం పట్టించి కడిగెయ్యడం నా చేతికి ఎంత అలవాటైపోయిందంటే, పక్కవాడితో కబుర్లు చెబుతూ ఇటు చూడకుండానే పది కోళ్లు ఒలిచేసేవాణ్ని.

కరోనా వచ్చిన ఏడు అదంతా ఒక్క పూటలో పోయింది. ముదీర్, అంటే మా మేనేజరు, క్యాంపు వాకిట్లో నిలబడి, పనుల్లేవు, ఖలాస్, ఎవరి దారి వాళ్లు చూసుకోండి అనేశాడు. నా ఈడువాళ్లు చాలామంది దొరికిన విమానమెక్కి ఇల్లు చేరారు. నేను మాత్రం వెళ్లలేకపోయాను. ఇంటిదగ్గర మా ఇంటావిడ బీడీలు చుడుతోంది, అమ్మాయి నర్సింగు చదువు సరిగ్గా సగంలో ఉంది, యాభై రెండేళ్లవాడు ఒకసారి తిరుగుముఖం పడితే మళ్లీ వీసా ఇచ్చే కఫీల్ ఎవడూ ఉండడు. ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు జనవరి మొదటి వారంతో సరి. అలా తోచక తిరుగుతున్న రోజుల్లో, ఒకప్పుడు మా క్యాంపులోనే వండి అల్ ఐన్‌లో ఒక విల్లాకి మారిన మలయాళీ ఒకాయన, పక్క విల్లా ఇంగ్లీషువాళ్లకి వంటమనిషి కావాలని కబురు చేశాడు. వెళ్లాను. ఆ ఇంటి మేడమ్ అన్నీ అడిగి చివర్లో, టర్కీ కోడి వండటం వచ్చా అంది. దుబాయిలో పని అడిగేటప్పుడు రాదనే మాట నోట్లోంచి రానివ్వకూడదని మేం వచ్చిన మొదటి వారంలోనే నేర్చుకుంటాం కదా, చాలాసార్లు వండానని తల ఊపేశాను. అయితే క్రిస్మస్ దాకా చూసి, ఆ విందు అయ్యాక వీసా సంగతి చెబుతానంది. ఇక చూసుకోండి, ఆ రోజు నుంచి నాకు నిద్రంటూ లేదు.

ఆ ఇంటి దుఃఖం కూడా చెప్పాలి, లేకపోతే తక్కిన కథ అర్థం కాదు. మేడమ్ వాళ్ల నాన్న ఆ ఏప్రిల్‌లోనే వాళ్ల దేశంలో, ఆస్పత్రిలో, పక్కన ఎవరూ లేకుండా కరోనాతో పోయాడు. విమానాల్లేక ఈమె చివరి చూపుకి కూడా వెళ్లలేకపోయింది. దారులు తెరుచుకున్నాక తల్లిని తీసుకొచ్చి తనదగ్గర పెట్టుకుంది. ఆ పెద్దావిడని నేను పెద్ద మేడమ్ అనేవాణ్ని. ఆవిడని చూస్తే నాకు హడల్. మాట్లాడదు, నవ్వదు, మాస్కు పైనుంచి రెండు నీలం కళ్లతో నా చేతులకేసే చూస్తూ ఉంటుంది, నేను గ్లాసు ముట్టుకుంటే దాన్ని మళ్లీ కడిగించుకుంటుంది. ప్రతి క్రిస్మస్‌కీ టర్కీ వండింది ఆ పోయిన పెద్దాయనేనట. ఆ పొద్దున వంటింటి తలుపు మూసి గడియ పెట్టుకునేవాడట, భార్యని తప్ప ఎవర్నీ, పిల్లల్ని కూడా, గడప తొక్కనిచ్చేవాడు కాదట. అందుకే మేడమ్‌కి తండ్రి వంట రుచి తెలుసు గానీ పద్ధతి తెలీదు.

పద్ధతి గురించి ఆ నెలంతా ఇంట్లో ఒకటే గొడవ. సారుకేమో పెరట్లో బొగ్గులమీద పొగబెట్టి మెల్లగా కాల్చాలని సరదా. మేడమ్ అందుకు వీల్లేదు, నాన్న చేసినట్టే కావాలి, ఆయన ఇలాగే చేసి ఉంటాడని తనే ఊహించుకుని, రాత్రంతా ఉప్పునీళ్లలో నానాలి, ఓవెన్ పొయ్యిలో పెట్టేముందు వెన్న దట్టంగా పట్టించాలి, పైన బంగారు రంగు తేలాలి, మసాలా పేరెత్తడానికి లేదంటుంది. మా మలయాళీ ఏమో అవన్నీ వదిలేసి ముందు ఆవిరిమీద ఉడికించి, తర్వాత మిరియాలూ కొబ్బరినూనే రాసి వేపితే గానీ ఆ మాంసం మనిషి తినేలా ఉండదని గోడ మీదినుంచి నాకు ఉపదేశం చేసేవాడు. పెద్ద మేడమ్‌ని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ ఏడు ఏదీ వద్దంటే వినరు అని ఊరుకునేది. నేను అందరికీ యస్ యస్ అంటూ, లోపల్లోపల చచ్చిపోతూ ఉండేవాణ్ని.

ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం మేడమ్, సారు పిల్లల్ని తీసుకుని ఏవో బహుమతులు కొనడానికి వెళ్లారు. పెద్ద మేడమ్ మేడమీద పడుకుంది. మూడు రోజులుగా ఫ్రిజ్జులో కరుగుతున్న టర్కీని బల్లమీదికి దించాను. అంత పెద్ద పక్షిని ఎప్పుడూ చూడలేదేమో, ఉప్పునీళ్లు ఎంత, పొయ్యి వేడి ఎంత, ఎన్ని గంటలు అని బుర్రలో లెక్కలు వేసుకుంటూ ఆలోచనలో పడ్డాను. ఆ ఆలోచనలోంచి తేరుకుని చూసేసరికి ఏముంది, టర్కీ నున్నగా, గులాబీ రంగులో, దిగంబరంగా నా ముందు పడుకుని ఉంది. తోలు మొత్తం ఒక్క ముక్కగా ఎడంచేతిలో వేలాడుతోంది. కుడిచేతికి పసుపు. రెక్కల కొసల దగ్గర తప్ప ఎక్కడా చిరగలేదు, అంత శుభ్రంగా వచ్చింది. నిజం చెబుతున్నా, మొదట నాకు గర్వంగానే అనిపించింది. తోలుతో వండాలని మేడమ్ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆవిడకు తోచి ఉండదు. తీయాలా అని నేను అడగలేదు. ఐసు కోడికి తోలు ఉంచుకుంటారని నాకెలా తోస్తుంది?

పొయ్యి వేడి సంగతి కనుక్కుందామని మలయాళీకి ఫోను చేసి, మాటల్లో తోలు తీసేసి కడిగేశానన్నాను.

"చమడా నికాల్ దియా? పూరా?" అన్నాడు హిందీలో, తోలంతా తీసేశావా అని. "అరె భాయ్, క్యా కియా తూనే! ఉస్ మే సబ్ కుఛ్ చమడా హీ హై! ఖలాస్, తేరా కామ్ ఖలాస్!"

ఆ తోలే ఎర్రగా, కరకరలాడుతూ వేగాలట, దానికోసమే వాళ్లు కొట్టుకు చస్తారట, అది లేకపోతే మాంసం పీచులా ఎండిపోతుందట. ఇంకోటి కొని తెస్తానన్నాను. దొరికినా అది కరగడానికి మూడు రోజులు పడుతుందన్నాడు. ఫోను పెట్టేసి వంటింటి గచ్చుమీదే కూర్చున్నాను. భయమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. వీసా పోయింది, ఎయిర్‌పోర్టులో నా రేకుపెట్టె తూకం వేస్తున్నారు, ఊళ్లో బస్సు దిగుతున్నాను, అమ్మాయి పుస్తకాలు అటకెక్కిస్తోంది, అన్నీ వరసగా కళ్లముందు కనిపించాయి. ఏం చెయ్యాలో తోచక, ఇంటికి వీడియో ఫోను చేశాను. బీడీల చాట ముందు పెట్టుకుని ఉంది మా ఇంటావిడ. నేను ఏడుపు గొంతుతో చెప్పిందంతా విని ముందు నన్ను కడిగేసింది.

"గా తోలు గుంజుమని నిన్నెవలు అడిగిన్రు? చెయ్యి ఊకుంటలేదా నీకు?" అంది. ఆ తర్వాత ఆకు కత్తిరిస్తూనే, ఇదేం పెద్ద సంగతన్నట్టు, "ఒక్క ముక్కనే ఉన్నదంటివి గదా. తొడిగి కుట్టరాదు? బియ్యం సంచులు కుట్టలేదా నువ్వు?" అంది.

పిచ్చిదానా, ఇది సంచేనా అని విసుక్కుని ఫోను పెట్టేశాను గానీ, ఆ మాట బుర్రలోంచి పోలేదు. కోడినీ తోలునీ ఒకే గిన్నెలో ఉప్పునీళ్లు పోసి నానబెట్టి, పైన మూతపెట్టి, మూతమీద బరువు పెట్టి, ఫ్రిజ్జులోకి ఎక్కించి, మేడమ్ వచ్చి అంతా బాగుందా అంటే బాగుందన్నాను. ఆవిడ మూత తీస్తుందేమోనని ఆ సాయంత్రమంతా ఫ్రిజ్జుకి అడ్డం నిలబడే తక్కిన పనులు చేశాను.

తెల్లారి ఫజర్ అజాన్ వినబడగానే లేచి, క్యాంపు నాటి నా రేకుపెట్టెలోంచి దబ్బనం తీసి నీళ్లలో మరిగించాను. టర్కీకి వెన్న పట్టించి, కాళ్లకి పంట్లాము ఎక్కించినట్టు తోలు ఎక్కించి, రొమ్ము మధ్యన రెండు అంచులూ దగ్గరికి లాగి తెల్ల దారంతో కుట్టడం మొదలుపెట్టాను. వెన్నకి వేళ్లు జారుతున్నాయి. ఒక చేత్తో అంచులు పట్టుకుంటే కుట్టడానికి చెయ్యి లేదు, కుడదామంటే పట్టుకోవడానికి లేదు. నాలుగు కుట్లు వేసి చెమట తుడుచుకుందామని తల ఎత్తేసరికి, గుమ్మంలో పెద్ద మేడమ్ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. మాస్కు లేదు. మొదటిసారి ఆవిడ మొహం మొత్తం చూశాను. నా చేతిలో దబ్బనం, బల్లమీద కుట్లు పడ్డ కోడి, పసుపు పచ్చగా తేలిన మాంసం, ఒక్కొక్కటే చూసింది. నేను రెండు చేతులూ జోడించాను. ప్లీజ్ మేడమ్, నో టెల్, నో టెల్ అన్నాను. అంతకుమించి నాకున్న ఇంగ్లీషంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది. ఆవిడ పంపు దగ్గరికెళ్లి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, కళ్లజోడు సర్దుకుని, తోలు రెండు అంచులూ తన రెండు బొటనవేళ్ల మధ్యన గట్టిగా పట్టుకుంది. కుట్టు అన్నట్టు గడ్డంతో సైగ చేసింది. నేను సంచులకి వేసే బారు కుట్టు వేయబోతే తల అడ్డంగా ఆడించి, "స్మాల్" అంది. మెడదాకా కుట్టడం అయ్యాక మళ్లీ చేతులు కడుక్కుని, టీ కూడా తాగకుండా పైకి వెళ్లిపోయింది.

చెబుతుందా, చెప్పదా? నాకేం తెలుసు? ఎందుకు పట్టుకుందో అర్థం కాలేదు. కూతురి ముందు ఆ కుట్లతో సహా నన్ను నిలబెట్టడానికే పట్టుకుందేమో అని కూడా అనుకున్నాను, అంత భయం నాది. పొయ్యి అద్దంలోంచి చూస్తూ నాలుగు గంటలు నిలబడ్డాను. అరగంటకోసారి కారిన వెన్న తీసి మళ్లీ పైన పోశాను. తోలు మెల్లగా బిగిసింది, ఎర్రబడింది, కుట్లు వెన్నలో కలిసిపోయి కనిపించకుండా పోయాయి. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, వాళ్ల దేవుడికి కూడా ఒక దండం పెట్టాను, ఎంతైనా పండుగ ఆయనది కదా.

మధ్యాహ్నం బల్లమీద పెట్టగానే పిల్లలు కేకలు వేశారు. మేడమ్ ఆ రంగు చూసి, నాన్నదిలాగే ఉందని కళ్లు ఒత్తుకుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. సారు కత్తి తీసుకుని రొమ్ముమీద మొదటి ముక్క కోశాడు, ఫోర్కుతో పైకి ఎత్తాడు. ఆ ఫోర్కు వెంట దారం లేచింది. ముక్క పైకి పోతున్నకొద్దీ దారం సాగుతూనే ఉంది, జానెడు, మూరెడు. సారు దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు, ఆ తర్వాత నాకేసి చూశాడు. ఒక పిల్ల ఫక్కున నవ్వింది. మేడమ్ మొహం ఎర్రబడింది, ఇదేమిటని నన్ను అడిగింది. ఇక చెప్పేద్దాం, తప్పయిందని కాళ్లమీద పడదామని ఒక అడుగు వేశానో లేదో, పెద్ద మేడమ్ తన గ్లాసు బల్లమీద పెట్టింది.

ఆవిడ అన్నది నాకు పూర్తిగానే అర్థమైంది, అంత నిదానంగా చెప్పింది. మీ నాన్న కూడా ఇలాగే కుట్టేవాడు, తోలు తీసి, లోపల వెన్న పట్టించి మళ్లీ కుట్టేవాడు, ఆ రహస్యం తెలియకూడదనే తలుపు మూసుకునేవాడు, వడ్డించేముందు దారం లాగేసేవాడు, ఈ మనిషికి నేనే నేర్పాను, దారం లాగమని చెప్పడం మరిచిపోయాను, అంది. మేడమ్ కాసేపు తల్లినీ ఆ దారాన్నీ మార్చి మార్చి చూసి, ఒక్కసారిగా భోరుమంది. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఎవరూ బయటికి ఏడవలేదని తర్వాత తెలిసింది. సారు లేచి వెళ్లి పట్టుకున్నాడు, పిల్లలు బిక్కమొహాలు వేశారు, నేను గుమ్మం చాటుకి జరిగాను. తిన్నారు, మళ్లీ వడ్డించుకుని తిన్నారు. ఆ పసుపు రంగు కూడా పెద్దాయన పేరుమీదే పడింది. జనవరి మూడో తేదీన నా వీసా కాగితాలమీద సంతకమయింది. ఆ రోజు ఇంటికి ఫోను చేస్తే మా ఇంటావిడ, "నేన్ జెప్పలే? ఇగ పో, పని జూస్కో" అని మళ్లీ బీడీలు చుట్టుకుంది.

పెద్ద మేడమ్ ఏప్రిల్‌లో, సంవత్సరీకానికి, తన దేశం వెళ్లిపోతూ ఉండగా ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను, పెద్ద సారు నిజంగా కుట్టేవారా అని. ఆవిడ నవ్వింది. ఆయనకి చొక్కా గుండీ కుట్టడం కూడా రాదంది. చిన్న చిన్న మాటల్లో, సైగలతో చెప్పుకొచ్చింది. పెళ్లయిన మొదటి ఏడు టర్కీని మాడ్చి బొగ్గు చేశాడట, రెండో ఏడు లోపల పచ్చిగా మిగిల్చాడట, మూడో ఏడు అత్తమామలు విందుకి వస్తున్నారని పరువు కోసం వీధి చివర మాంసం కొట్టులో కాల్పించి, పెరటి తలుపులోంచి లోపలికి తెచ్చి తన పొయ్యిలో వేడిచేసి పెట్టాడట. అందరూ ఆహా ఓహో అన్నారు. ఇక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. పిల్లలు పుట్టి, పెరిగి, నాన్న టర్కీ అని ఊరంతా చెప్పుకుంటుంటే, నలభై ఏళ్లపాటు ప్రతి క్రిస్మస్‌కీ ఆ కొట్టు టర్కీతోనే ఆయన లోపల, ఆవిడ తలుపు దగ్గర, ఎవరు చూస్తారోనని గుండెలు చేత పట్టుకుని గడిపారట. ఆ పొద్దున నీ మొహం చూడగానే ఆయన మొహమే గుర్తొచ్చింది, అంది.

అక్కడినుంచి ఏటా ఆ ఇంట్లో అదే పద్ధతి. తోలు తియ్యి, పసుపు రాయి, కుట్టు. నాకు ఏటా అదే భయం, ఎక్కడ ఎవరు నిజం కనిపెడతారోనని. పెద్ద మేడమ్ మరుసటేడు తన దేశంలోనే చనిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి వాళ్లు ఈ దేశం పూర్తిగా వదిలి వెళ్లేముందు, చివరి డిసెంబరులో, మేడమ్ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని కుట్టు నేర్చుకుంది. నా వేళ్లు కదిలే తీరు చూస్తూ, నాన్న వేళ్లు కూడా ఇలాగే కదిలేవేమో కదా అంది. గొంతుదాకా వచ్చింది నిజం. అమ్మా, ఇవి సంచులు కుట్టిన వేళ్లు, మీ నాన్న సూది ఎప్పుడూ పట్టలేదు అని చెప్పేస్తే నాకు పోయేదేమీ లేదు ఆ రోజు. మా అమ్మాయి చదువు పూర్తయి ఆస్పత్రిలో ఉద్యోగంలో ఉంది. అయినా నోరు తెరవడానికి భయమేసింది. చివరి చూపు కూడా దక్కని తండ్రిని ఆ కుట్లలో వెతుక్కుంటున్న మనిషి చేతిలోంచి దాన్ని ఎలా లాక్కుంటాను? అలాగే ఉండి ఉంటాయి మేడమ్ అన్నాను.

ఇప్పుడు నేను పనిచేసే ఇంట్లో టర్కీ వండే పనే లేదు, ఫోనులో చెబితే హోటలు నుంచి డబ్బాలో వేడివేడిగా దిగుతుంది, ఏ పద్ధతిలో చేశారని అడిగేవాళ్లు లేరు, తప్పు జరిగితే వణికేవాళ్లూ లేరు. ఒకప్పుడు ఎవరికైనా తెలిసిపోతుందేమోనని హడలి చచ్చిన నాకు, ఆ పెద్దాయన గుట్టు తెలిసినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారన్న సంగతి ఇప్పుడు గుబులు పుట్టిస్తోంది. ఆ ఇంట్లో తెలుగు చదివేవాళ్లు లేరన్న ధైర్యంతోనే మీకిది చెప్పాను. ఆ పెద్దాయన లేడు, ఆవిడా లేదు. వాళ్ల దేశంలో ఈ క్రిస్మస్‌కి కూడా మేడమ్ కుడుతుంది, రేపు ఆమె పిల్లలు కుడతారు, తాత పద్ధతని చెప్పుకుంటారు. నేను కూడా పోయాక, అది నిజంగా ఆయన పద్ధతే అయిపోతుంది.